చిప్ప ఆగిన పూట

"ఆ చిప్ప చప్పుడు కాస్త తగ్గించు. మనిషి నిద్రపోవద్దూ?"

పెళ్ళయిన కొత్తలో, తమ ఇల్లయిన పడవలో ఊరిన నీళ్ళు తోడుతున్న భార్య సల్బియాతో జుమదిల్ అన్న మాట ఇది. పన్నెండేళ్ళయినా రోజూ తెల్లవారుతూనే అంటాడు, కళ్ళు తెరవకుండానే. సల్బియా కూడా పన్నెండేళ్ళుగా తగ్గిస్తూనే ఉంది. కొబ్బరి చిప్పని నిలువుగా ముంచితే చెక్కకి తగిలి టకటకమంటుందని, ఏటవాలుగా దించితే చప్పుడుండదని మొదటి ఏడాదే నేర్చుకుంది. ఎత్తునుంచి పారబోస్తే దబ్బుమంటుందని, పడవ అంచు మీంచి చెయ్యి బాగా కిందికి వంచి సముద్రానికి ఆనించి ఒంపాలని రెండో ఏడు నేర్చుకుంది. ఇప్పుడు ఆమె తోడుతుంటే పక్కనే పడుకున్న కూతురు నుర్మీకి కూడా వినపడదు. అయినా ఆ మాట మాత్రం ఆగలేదు. చప్పుడు పోయింది, మాట మిగిలింది.

పడవ అన్నాక నీరు ఊరుతుంది. ఎంత గుగ్గిలం పూసినా, అతుకుల్లో ఎంత బెరడు నార కూరినా, ఎక్కడో ఒకచోట సముద్రం వేలు దూరుస్తూనే ఉంటుంది. పొద్దున నూటయాభై చిప్పలు, మధ్యాహ్నం డెబ్బై, పొద్దుగుంకే వేళ మళ్ళీ వంద. తెరచాప ఎత్తి గాలి మీద పోతున్న రోజున అన్నీ రెట్టింపు. మగవాళ్ళు చేపలు పట్టడాన్ని పని అంటారు. తెరచాప కుట్టడాన్ని పని అంటారు. వల బాగుచేసుకుంటూ పక్క పడవవాడితో గంటలు గంటలు కబుర్లాడటాన్ని కూడా పని అనే అంటారు. నీళ్ళు తోడటాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. దానికి ఒక పేరు కూడా లేదు. ఊపిరి తీసుకోవడాన్ని ఎవరైనా పని అంటారా? అలాగే ఇదీను. నుర్మీ పుట్టిన మూడో రోజే సల్బియా మళ్ళీ చిప్ప పట్టుకుంది. ఆ మధ్య రెండు రోజులూ తోడింది ఆమె మామ, జుమదిల్ తండ్రి ఒంబ్రా. కాళ్ళు పడిపోయిన మనిషి, పడుకున్నచోటనే నేల పలక ఒకటి పైకి లేపి, చెయ్యందినంత మేర తోడాడు.

ఒంబ్రా ఒకప్పుడు తుంగ్‌కలాంగ్ రేవులో అందరికన్నా లోతుకి మునిగే మనిషి. అంత లోతునుంచి మెల్లగా పైకి రాకపోతే ఒళ్ళు తట్టుకోదు; ఒకరోజు తొందరగా వచ్చాడు. నడుము కిందినుంచి కాళ్ళు చచ్చుపడ్డాయి. అప్పటినుంచి తొమ్మిదేళ్ళుగా ఈ పడవ నడిమధ్య, తాటాకు కప్పు కింద, ఆరు పలకల మీద ఆయన బతుకు. పొద్దున్నే ఆయనకి ఒళ్ళు తుడవటం, పక్కకి తిప్పటం, చాప ఎండకి వెయ్యటం, ఆ ఆరు పలకలూ సముద్రపు నీళ్ళతో కడిగి మంచినీళ్ళతో తుడవటం సల్బియా వంతు. మంచినీళ్ళు కూడా ఆమె తెచ్చినవే. రెండు రోజులకొకసారి చిన్న దోనె వేసుకుని దీవి దాకా తెడ్డు వేసుకుంటూ పోయి, బావిలోంచి జాడీలు నింపుకొని వస్తుంది. అత్త తర్హాటా పొయ్యి దగ్గర కూర్చుని కర్రపెండలం కోరుతూ ఇవన్నీ చూస్తూ ఉంటుంది.

"ఈ పడవలో వేట చెయ్యకుండా తినేవాళ్ళు ముగ్గురు" అనేది తర్హాటా, సముద్రంతో చెబుతున్నట్టు. "మా ఆయన. ఆ కొంగ. మా కోడలు."

"నిన్నొదిలేశావేమే?" అనేవాడు ఒంబ్రా పడుకునే.

"నేను తినడం ఎప్పుడన్నా చూశావా నువ్వు?"

"చూళ్ళేదు. వినపడుద్ది."

సల్బియా చీర కొంగులాంటి తన పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. ఆ పడవలో ఆమెను నవ్వించినవాడు ఆయనొక్కడే.

కొంగ మాట చెప్పాలి. అయిదేళ్ళ కిందట ఒక ఆటు వేళ సల్బియా పగడపు దిబ్బ మీద గుల్లలు ఏరుతుంటే, బూడిదరంగు పిల్ల కొంగ ఒకటి నీళ్ళలో పడి కొట్టుకుంటోంది. ఎవరో వదిలేసిన గాలం దారం కాలికి చుట్టుకుని మాంసంలోకి దిగిపోయింది. పైగుడ్డలో చుట్టి తెచ్చింది. ఒంబ్రా రెక్కలు నొక్కి పట్టుకున్నాడు, ఆమె గుల్లలు తెరిచే కత్తి మొనతో దారం తెంచింది. అది ఆయన బొటనవేలు పొడిచి రక్తం కళ్ళచూసింది. "చూశావా, కృతజ్ఞత! మా పెద్దోడి పోలికే" అన్నాడాయన. కాలు వంకరగానే అతుక్కుంది. ఎగరటం వచ్చాక వెళ్ళిపోతుందనుకున్నారు. వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే వచ్చి పడవ వెనక కొసన నిలబడింది. అప్పటినుంచి పడవ ఏ రేవులో లంగరేసినా, ఎంత దూరం తెరచాప ఎత్తుకుపోయినా, రెండు రోజులు వెనకాముందుగా ఆ వంకర కాలు వచ్చి చేరేది. మెడ భుజాల్లోకి లాక్కుని, ఒంటికాలి మీద, తగువు వింటున్న పెద్దమనిషిలా నిలబడేది. రేవు పెద్దని ఆ నీళ్ళలో పంగ్లిమా అంటారు. ఒంబ్రా కొంగకి ఆ పేరే పెట్టాడు. అసలు పంగ్లిమాకి ఈ సంగతి తెలిసి రెండు నెలలు ఈ పడవ వైపు చూడలేదు.

సల్బియా చేపలు కడిగిన పేగులు దానికి వేసేది. ఒంబ్రా తన పళ్ళెంలోంచి తుంచి వేసేవాడు. ఆయన చేతిలోంచి అయితే ముక్కుతో తీసుకునేది, అంత మర్యాద.

"నేను ప్రాణాలకి తెగించి పట్టిన చేప కొంగలకి పెడతావా?" అన్నాడు జుమదిల్ ఒకరోజు.

"పేగులేగా."

"పేగులు కూడా నేను పట్టినవే."

మర్నాటినుంచి ఆటు వేళ తను ఏరిన గుల్లల్లోంచే దానికి వేసింది. ఆ గుల్లలూ, దిబ్బకి అంటుకునే ముళ్ళ జీవులూ, సముద్రపు పాచీ రోజూ ఇంటిల్లిపాదీ తినేవే. వేట దొరకని రోజున అవే తిండి. అయినా అది వేట కాదు, ఏరుకోవటం. పడవ ఎదురైనప్పుడు "ఎవరిదా పడవ?" అని కేకేసి అడగటం సముద్రంలో ఆనవాయితీ. జుమదిల్ అలసి పడుకున్నా, నీటి అడుగున ఉన్నా, చుక్కాని ఆమె చేతిలోనే ఉన్నా, సల్బియా నోటివెంట వచ్చే జవాబు ఒక్కటే. "జుమదిల్ పడవ!" అందులో తప్పేముంది, అతనిదే కదా అనుకునేది. చెట్టు కొట్టిందీ, చెక్కిందీ అతనే. నిజమే. అయితే రెండు నెలలకొకసారి అడుగు పురుగు పట్టకుండా కాల్చటానికి ఎండుటాకులు మోసిందెవరు, అతుకుల్లో నార కూరిందెవరు అని మనసులో ఏదో సన్నగా గొణిగేది. దేవుడు అన్నీ చూస్తాడంటారు. చూస్తూనే ఉంటాడు. ఆయన చూసినవి మనుషులకి కూడా చూపిస్తే ఎంత బాగుండును అని దండం పెట్టుకునేటప్పుడు ఆమెకి అనిపించేది. అనిపించినందుకు మళ్ళీ లెంపలేసుకునేది.

ఒక పొద్దుట ఆమె తోడుతూ తోడుతూ కొంగనే చూస్తుంటే ఒంబ్రా అన్నాడు.

"ఏం చేస్తోందమ్మా పంగ్లిమా?"

"ఏం చెయ్యటం లేదు మామా. ఊరికే నిలబడింది."

"సరిగ్గా చూడు. అది వేటాడుతోంది. మనం తరుముతాం, దూకుతాం, వల విసురుతాం. అది కదలదు. అది కదలకుండా ఉంటే చేపే కాళ్ళ దగ్గరికొస్తది. ఊరికే నిలబడటం ఊరికే కాదమ్మా."

ఆ మాట అన్న నెలకి, తూర్పు గాలి మొదలైన రోజుల్లో, తెల్లవారుజామున ఒంబ్రా పోయాడు. ఆమె మొదటి చిప్ప ఒంపి వెనక్కి తిరిగేసరికి ఆయన చెయ్యి పలక అంచున వేలాడుతోంది, తనూ తోడబోతున్నట్టు.

తర్హాటా ఏడుపుతో రేవంతా లేచింది. ఇరవై పడవలు దగ్గరకి జరిగి అంచుకి అంచు ఆనించి నిలబడ్డాయి. ఒంబ్రా పెద్ద కొడుకు సహిబుల్ పడవ పెద్దది కాబట్టి శవాన్ని అందులోకి మార్చారు. స్నానం చేయించటానికి, తెల్లగుడ్డ చుట్టటానికి ఆడవాళ్ళంతా అక్కడ చేరారు. సల్బియా మామ మొహం కడిగింది. ఒళ్ళంతా ఆమెకి తెలిసిన ఒళ్ళే. ఎక్కడ నొక్కితే ఆయనకి నొప్పో చేతులకి గుర్తుంది, అందుకే అక్కడ ఇప్పుడు కూడా మెల్లగా తుడిచింది. అంతలో చాప తెరకి అవతల, తమ పడవలోంచి, మగవాళ్ళ మాటలు వినపడ్డాయి.

"ఆటు తియ్యటానికి ఇంకా రెండు గంటలుంది" అంటున్నాడు సహిబుల్. "పడవ ఇసక మీద కూర్చోగానే నడిమికి కోద్దాం. ముందు సగం పెట్టె, వెనక సగం మూత. రంపం తెచ్చాను."

జుమదిల్ గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "అలాగే అన్నా. నా పడవే కదా. మా నాన్నకన్నా ఎక్కువా?"

సల్బియా చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

ఆచారం ఆమెకి తెలియనిది కాదు. మనిషి ఏ పడవలో బతికాడో ఆ పడవ చెక్కలోనే సమాధుల దీవికి వెళ్ళాలి. బయటి చెక్కలో పంపితే పితరులు తమవాడని గుర్తుపట్టరు, తోవ చూపరు. ఒంబ్రాకి ఇప్పుడు సొంత పడవ లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన తల్లి పోయినప్పుడు ఉన్న పడవని కోసి పెట్టె చేశారు. ఆయన కాళ్ళు పోయింది కూడా ఆ ఏడే. కాళ్ళు లేనివాడికి పడవెందుకన్నారు. ఆ తరవాతే ముసలి దంపతులిద్దరూ ఈ పడవలోకి వచ్చారు. ఇవన్నీ తెలిసినవే. తెలియనిది ఒక్కటే, ఆ రంపం తన పొయ్యి దాకా వస్తుందని.

ఆమె చాప తప్పించుకుని తమ పడవలోకి దాటింది. ఆరుగురు మగవాళ్ళు మధ్యలో కూర్చుని ఉన్నారు. జుమదిల్ ముందు కొసన తల పట్టుకుని ఉన్నాడు.

"పడవ కోస్తే మనం ఎక్కడుంటాం?" అని అడిగింది నెమ్మదిగా.

"అన్న పడవలో. రెండేళ్ళు. ఈలోగా ఇంకోటి చెక్కుతాను."

"మీ అన్న పడవలో ఇప్పటికే ఎనిమిదిమంది."

"సర్దుకుంటారు. ఇప్పుడా ఆ మాటలు? మా నాన్న పోయాడే!"

"నాకు మాత్రం పోలేదా?" అనుకుంది సల్బియా. పైకి అనలేదు. తోడికోడలు పొయ్యి దగ్గర, ఆమె కళ్ళు తన చేతుల మీదే ఉండగా, ఆమె ఉప్పు ఆమెనడిగి వేసుకుంటూ రెండేళ్ళు. రెండేళ్ళంటారు. చెట్టు దొరకాలి, గాలి కుదరాలి. అత్త అలా పరాయి పొయ్యి పక్కన చేరి తొమ్మిదేళ్ళయింది. తర్హాటా ఈ పడవలోకి వచ్చిన మొదటి రోజు గుర్తొచ్చింది ఆమెకి. తన పాత మట్టి పొయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ దించాలో తెలియక సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. సల్బియా తన పొయ్యి పక్కకి జరపలేదు. చిన్నతనపు పట్టుదల. ఆ పొయ్యిని తర్హాటా చివరికి ఎవరికో ఇచ్చేసింది. ఇప్పుడు సల్బియా తన పొయ్యి వైపు చూడలేకపోయింది.

ఏం చెయ్యాలో తోచక చిప్ప తీసుకుని తోడటం మొదలుపెట్టింది. ఏం తోచకపోయినా చేతులకి తోచేది అదొక్కటే.

సహిబుల్ చూసి జాలిగా అన్నాడు. "ఇంకా ఎందుకమ్మా తోడుతున్నావు? కాసేపట్లో ముక్కలయ్యేదానికి. వదిలెయ్, పోయి ఆడవాళ్ళతో కూర్చో."

మంచి మాటే. మంచిగానే అన్నాడు. ఆ మాటతోనే సల్బియా చెయ్యి ఆగిపోయింది.

అప్పుడే వచ్చింది కొంగ. రోజూ వచ్చే వేళకే. వెనక కొసన వాలి, మామ పడుకునే చోటు వైపు మెడ చాచింది. అక్కడ పరాయి వీపులున్నాయి. సహిబుల్ "హుష్" అని చెయ్యి విసిరాడు. ఎగిరి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ అక్కడే వాలింది. మెడ లోపలికి లాక్కుంది. ఇంక కదల్లేదు.

సల్బియా దాన్ని చూసింది. చిప్ప ఒళ్ళో బోర్లించుకుంది. దాని పక్కనే కూర్చుంది. ఆమె కూడా కదల్లేదు.

మాటలు సాగుతున్నాయి. ఎక్కడ గుర్తు పెట్టాలి, ఏ దీవి పక్కగా పోవాలి, ఎన్ని తెరచాపలు వెంట రావాలి. పెద్దాయన మునిగిన లోతుల గురించి ఎవరో మొదలుపెట్టారు. మామూలుగా ఈ పడవ నీటికి ఎత్తుగా తేలుతుంది. ఆరుగురు బరువైన మగవాళ్ళు ఒకేసారి ఎక్కేసరికి, ఏళ్ళుగా ఎండి పగిలిన పై అతుకులు కూడా నీట మునిగాయి. ఇవాళ ఎంత నీరు వస్తుందో కూర్చున్నచోటినుంచే ఆమె చెప్పగలదు. ఇప్పుడు అడ్డకర్రలు దాటుతుంది. ఇప్పుడు పలకల అడుగున తడుతుంది. ఇప్పుడు పలకల సందుల్లోంచి పైకి చూస్తుంది.

"ఇదేంటి, తడి?" అన్నాడొకడు లేచి.

"జాడీ పగిలిందేమో చూడండి."

జాడీ పగల్లేదు. రెండు నిమిషాలకి నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. పొయ్యిలో బూడిద తేలింది. సహిబుల్ రంపం తీసి చంకలో పెట్టుకున్నాడు. నుర్మీ చాప ఒకటి పడవలా మెల్లగా ముందుకి పోయింది. మగవాళ్ళు అటూ ఇటూ అడుగులేస్తుంటే పడవ ఊగి ఇంకా నీళ్ళు తీసుకుంది.

"చిల్లెక్కడ? చిల్లెక్కడ పడిందిరా?" అని అరిచాడు సహిబుల్.

"తెలీదన్నా!" జుమదిల్ వంగి చేతులతో తడుముతున్నాడు. తన చేతులతో చెక్కిన పడవ. ఏ మూల తడిమితే ఏముందో తెలియటం లేదు. మొహం ఎత్తి భార్యని చూశాడు. "ఏమే! కూర్చున్నావేంటి? ఇంత నీరు ఎక్కడినుంచి వస్తోంది?"

"రోజూ వచ్చేచోటినుంచే" అంది సల్బియా.

"రోజూనా? ఇంతానా?"

"ఇవాళ మీరంతా ఎక్కారని కాస్త ఎక్కువ. రోజూ వస్తుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. పన్నెండేళ్ళుగా. చప్పుడు చెయ్యొద్దన్నావుగా, అందుకే నీకు తెలీలేదు."

అప్పుడే చిన్న దోనెలో అసలు పంగ్లిమా వచ్చి పడవ పక్కన ఆగాడు. బక్కపలచని మనిషి. మెడ భుజాల్లోకి లాక్కుని విన్నాడు. వెనక కొసన ఉన్న కొంగని ఓరగా ఒకసారి చూసి, మెడ కాస్త పైకి సాచుకున్నాడు.

సల్బియా లేచి నిలబడింది. రేవు పెద్ద ముందు ఆమె ఎన్నడూ నోరు తెరవలేదు.

"పంగ్లిమా, మా మామకి ఇవ్వాల్సింది ఇవ్వొద్దని నేననను. ఆయన నాకు తండ్రి. ఆయన తొమ్మిదేళ్ళు బతికింది ఈ ఆరు పలకల మీద. తిన్నదీ, నవ్విందీ, పోయిందీ వీటి మీదే. రోజూ కడిగాను, ఏ పలక ఆయన వీపుకి నునుపు తేలిందో నాకు తెలుసు. అడుగుకి రెండు, పక్కలకి రెండు, మూతకి రెండు. మనిషి పొడుగు పలకలు. అవి ఆయనవి, తీసుకెళ్ళండి. పడవ మాత్రం కొయ్యొద్దు. ఒక్క పూట నేను తోడకపోతే ఇది పడవ కాదు, మీరే చూశారు. దీన్ని చెక్కింది మా ఆయన. మునగకుండా చూసింది నేను. నన్నొక మాట అడగండి."

"బాగుంది!" అన్నాడు సహిబుల్. "నేల పలకల్లో పంపుతారా మా నాన్నని? రేపు శాపం తగిలితే?"

"నాకు తగలనీరా."

సహిబుల్ పడవ అంచున, చాప తెర తప్పించి, తర్హాటా నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని, కళ్ళు వాచిపోయి.

"నాకే తగలనీ. మీ అబ్బ వచ్చి నన్నే అడుగుతాడు, నేను జవాబు చెబుతాను. మీ నాయనమ్మ పోయినప్పుడు నా పడవ కోశారు. నేను కాపరం చేసిన పడవ, మిమ్మల్ని నలుగుర్నీ కన్న పడవ. ఏమే కోసేదా అని ఒక్కడన్నా నన్నడిగాడా? ఒక్కడు? ఆ రోజునుంచీ నా పొయ్యి లేదు. ఇంకొకతె పొయ్యి పక్కన కూర్చుని తొమ్మిదేళ్ళు దాన్నే దెప్పుకుంటూ బతికాను. ఎవర్ని దెప్పాలో తెలీక." ఆగి, ఊపిరి తీసుకుంది. "అది ఏ నాడూ తిరిగి ఒక మాట అనలేదు. ఇవాళ అంటోంది. ఏం, వింటే మీ చెవులు ఊడిపోతాయా?"

జుమదిల్ నీళ్ళలో మోకాళ్ళ మీద అలాగే ఉన్నాడు.

పంగ్లిమా గొంతు సవరించుకున్నాడు. "మనిషి బతికిన పడవ చెక్క అన్నారు పెద్దలు. ఏ చెక్క అని అనలేదు. పలకలు ఈ పడవవే కదా?" మళ్ళీ కాసేపు ఆలోచించాడు. "దేవుడు తుహాన్ సముద్రాన్ని ఇంత పెద్దదిగా చేసింది ఉన్న ఇళ్ళు కోసుకోమని కాదనుకుంటా. ఈ సంగతి ఇన్నాళ్ళూ నేనూ అనుకోలేదు." కొంగ వైపు చెయ్యి చూపించి, "ఏవంటావు?" అన్నాడు. పడవల మీద ఎవరో ఏడుపులోనే కిసుక్కుమన్నారు. ఒంబ్రా ఉంటే ఆయనే ముందు నవ్వేవాడు.

ముందు దిగాల్సింది బరువు. మగవాళ్ళు ఒక్కొక్కరే తమ పడవల్లోకి దాటారు. సల్బియా వంగి చిప్ప ముంచబోతే చెయ్యి అడ్డం వచ్చింది. జుమదిల్ చెయ్యి. ఆమె మొహం వైపు చూడలేదు. చిప్ప తీసుకుని తోడటం మొదలుపెట్టాడు.

మర్నాడు నాలుగు తెరచాపలు సమాధుల దీవికి వెళ్ళాయి. ఆరు పలకలూ పెట్టెకి సరిగ్గా సరిపోయాయి. సల్బియా నునుపు తేలిన పలక ఏదో చూపించి, అది వీపు కిందికి వచ్చేలా పెట్టించింది. ఇసక పూడ్చాక తర్హాటా కొబ్బరినీళ్ళు చల్లి, భర్త వైపుకి వంగి ఏదో చెప్పుకుంది. తిరిగి వచ్చేటప్పుడు కోడలి చెయ్యి పట్టుకుని నడిచింది. చాలా గట్టిగా.

ఇప్పుడు పడవ నడిమధ్య పలకల్లేవు. అడ్డకర్రల మీద కాలు వేసుకుంటూ దాటాలి, కింద నీళ్ళు కనబడుతూనే ఉంటాయి. కొత్త పలకలు దొరికిందాకా ఎవరూ వాటిని చూడకుండా ఉండలేరు. అది మంచిదే అనుకుంది సల్బియా. వెనక కొసన రెండు పొయ్యిలున్నాయి. రెండోదాన్ని దీవి మట్టితో ఆమే చేసి, ఎండబెట్టి, తన దాన్ని పక్కకి జరిపి పెట్టింది. తర్హాటా దాన్ని చూసి, "వంకరగా చేశావు, నీ కొంగ కాలులాగా" అంది. ఆ పూట కర్రపెండలం దాని మీదే ఉడికించింది.

నాలుగో రోజు పొద్దున తెరచాప ఎత్తి పడమటి రేవుకి బయలుదేరారు. గాలి బాగుంది. చుక్కాని సల్బియా చేతిలో ఉంది. జుమదిల్ అడ్డకర్రల మధ్య కూర్చుని తోడుతున్నాడు. చిప్పని నిలువుగా ముంచుతున్నాడు, ఎత్తునుంచి పారబోస్తున్నాడు. టకటక, దబ్బు. టకటక, దబ్బు. నుర్మీ రెండో చిప్ప పట్టుకుని నాన్నతో పందెం వేసుకుంది. తర్హాటా ముక్కుతూ మూలుగుతూ మూడో చిప్ప వెతుక్కుంటోంది. కాస్త చప్పుడు తగ్గించు అన్న మాట సల్బియా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఎంత చక్కటి చప్పుడో అనిపించింది. అతను ఇవాళ తోడాడు. రేపు మర్చిపోవచ్చు. మర్చిపోతే తనకి ఇప్పుడు ఒక సంగతి తెలుసు. చిప్ప పక్కన పెట్టి కూర్చోవటం. వెనక్కి తిరిగి చూసింది. దూరంగా, నీటికి తక్కువగా, బూడిదరంగు రెక్కలు వస్తున్నాయి.

ఎదురుగా ఒక తెలియని పడవ వస్తోంది. అందులోంచి ఎవరో చేతులు నోటికి అడ్డం పెట్టి కేకేశారు.

"ఎవరిదా పడవ?"

జుమదిల్ చిప్ప ఆపి తల ఎత్తాడు. అలవాటుగా నోరు తెరిచి, భార్య వైపు చూసి, మూసుకున్నాడు. మళ్ళీ వంగి తోడటం మొదలుపెట్టాడు.

సల్బియా చుక్కాని గట్టిగా పట్టుకుని, ఇరవై పడవలకి వినపడేంత గొంతుతో కేకేసింది.

"తోడేవాళ్ళది!"